ఎడమచేతి గోలు

అలావుద్దీన్ మంచం పక్కనే రేడియో మోగుతోంది. అతనికి వినబడదు. అతను చూస్తున్నది ఆబిదా చేతుల్ని.

క్షయజబ్బుకు వేసిన సూదులతో చెవులు పోయాయి. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కాళ్లు పోయాయి. మదనపల్లెలో, పట్టుగూళ్లు ఉడికే వాసన వదలని ఆ సందులో, ఒకప్పటి గోల్‌కీపర్ మంచం దిగి రెండేళ్లు దాటింది. పేపరు చదివే చదువు లేదు. అతనికి మిగిలింది ఇండియా ఆడే ఫుట్‌బాల్ ఒక్కటే. అదైనా భార్య చెబితేనే.

ఆట ఉన్న రోజు ఆబిదా పట్టుదారం తీసే పని పక్కన పెట్టి రేడియోకు చెవి ఆనించి కూర్చుంటుంది. కుడిచేతి వేలు ఎత్తితే మనవాళ్ల గోలు. ఎడమచేతి వేలు ఎత్తితే అవతలివాళ్లది. అలావుద్దీన్ రెప్ప వేయడు.

“ఇట్లాంటి పెండ్లాం దొరకాలంటే రాసిపెట్టి ఉండాల. మొగుడికి తానే చెవులైపోయింది సూడు” అని పక్కింటి నారాయణమ్మ కనబడినవాళ్లందరితోనూ అంటుంది.

ఆ మాట విన్నప్పుడు ఆబిదా నవ్వి ఊరుకుంటుంది.

అలావుద్దీన్ గట్టి మనిషని ఊళ్లో పేరు. కూతురు షకీలా పోయినప్పుడే అది అందరూ చూశారు. పిల్లకు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చిన రోజు అతను కుప్పంలో పోటీకి పోయి ఉన్నాడు. ఆబిదా బస్సు డ్రైవరుతో కబురు పంపింది. కబురు ఆట మధ్యలోనే అందింది.

“గోలు ఇడిసిపెట్టి యాడికి పోయేది? ఆట అయినాక వస్తా” అన్నాడట.

ఆట అయింది. గెలిచారు. పుంగనూరు మీదుగా బస్సు పట్టుకుని అతను ఇల్లు చేరేసరికి పిల్లకు స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టేశారు. అతను వంగి ముఖం చూశాడు. లేచి, గొయ్యి తవ్వేవాళ్ల దగ్గరికి వెళ్లాడు.

“ఒక్క సుక్క గూడా రాలేదా నీ కంట్లో?” అని ఆబిదా ఆ తర్వాత అడిగింది.

“ఏడిస్తే తిరిగొస్తాదా?” అన్నాడు. మరుసటి ఆదివారం బూట్లు కట్టుకుని గ్రౌండుకు పోయాడు.

ఆ ఏడాదే, ఎక్కడో విదేశంలో జరిగిన పోటీలో ఇండియా ఓడిపోయింది. వార్తల్లో ఆ సంగతి విని అలావుద్దీన్ గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్నం ముట్టలేదు. స్నేహితులు వచ్చి పట్టుకుంటే చిన్నపిల్లవాడిలా వాళ్ల భుజాల మీద పడ్డాడు.

అతని కళ్లలో నీళ్లు ఉన్నాయని ఆబిదాకు ఆ రోజే తెలిసింది. పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు అతన్నే చూసింది.

ఇప్పుడు ఢిల్లీలో ఆసియా క్రీడలు జరుగుతున్నాయి. ఊరంతా రేడియోల చుట్టూ మూగింది. సందుకు ఎదురుగా మునెప్ప టీ హోటలుంది. మునెప్ప ఒకప్పుడు అలావుద్దీన్‌తో కలిసి ఆడినవాడే. హోటలు ముందు జనం బెంచీలు చాలక నేల మీద కూర్చున్నారు.

“ఎట్లుండాది ఆట?” అన్నాడు అలావుద్దీన్ మంచం మీది నుంచి.

ఆబిదా రెండు పిడికిళ్లూ చూపించింది. ఇంకా గోలు లేదు.

“ఈసారన్నా గెలస్తారంటావా? నేను మంచాన పడినప్పటి నుంచీ మనోళ్లు గెలిసిందే లేదు.”

ఆమె భుజాలు ఎగరేసింది.

ఆట చివరికి వచ్చింది. అలావుద్దీన్ మోచేతుల మీద లేచి కూర్చోబోయాడు. కదలని కాళ్లు దుప్పటి కింద అలాగే ఉన్నాయి. రేడియోలో కామెంటరీ చెప్పేవాడి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. హోటలు ముందు జనం కేక పెట్టారు.

ఆబిదా రేడియో మీది నుంచి తల ఎత్తి అతని ముఖం చూసింది. తర్వాత ఎడమచేతి వేలు ఎత్తింది.

“సరిగ్గా ఇన్యావా?”

ఆమె ఆ వేలినే మళ్లీ చూపించింది.

“ఇంకా టైముండాదా?”

లేదన్నట్టు తల ఊపి రేడియో కట్టేసింది.

అలావుద్దీన్ వెనక్కి పడిపోయాడు. మొదట పెదవులు వణికాయి. తర్వాత ఛాతీ ఎగిసిపడింది. తన ఏడుపు తనకే వినబడదు కాబట్టి గొంతు ఎంత లేస్తోందో అతనికి తెలియదు. “కీపరు ఏం జేస్తాండాడు? గోలు ఇడిసిపెట్టి యాడికి పోయినాడు?” అని అరుస్తూ దిండును గుద్దాడు.

ఆబిదా మంచం పక్కనే కూర్చుని చూసింది. అతని చెంపల మీద జారుతున్న నీళ్లను తుడవలేదు. అవి దిండు మీద పడేదాకా చూసింది.

ఎవరో తలుపు తట్టారు. ఆమె లేచి, ఓరగా తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బయట మునెప్ప.

“అన్నను ఒకసారి సూసిపోదామని వస్తి, ఆబిదమ్మా.”

“ఇప్పుడొద్దప్పా. ఇంకో దినం రా.”

మునెప్ప లోపలి నుంచి వస్తున్న ఏడుపును తల వంచి విన్నాడు. అతని కళ్లు కూడా చెమ్మగిల్లాయి.

“సరేలేమ్మా, మనోళ్లు గెలిసినందుకు ఇంతగా ఏడ్సే మనిసిని నేను యాడా సూళ్లేదు” అన్నాడు.