అమ్ముడుపోని సరుకు

“మూత తియ్యకుండా రంగు మంచిచెడ్డలు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదయ్యా,” అంటూ షావుకారు నీలం డబ్బా మూత లేపాడు. బొటనవేలు ముంచి వెలుతురుకేసి చూపించాడు. పడవ యజమాని ధరలో ఇంకో మెట్టు దిగమన్నాడు. షావుకారు తల వంచి, మెడ వెనక గోక్కుంటూ మనసులో లెక్క కట్టి, అర మెట్టు దిగాడు. బేరం తెగింది. అప్పుడు గుర్తొచ్చి వేలు గుడ్డకు తుడుచుకున్నాడు.

పడవల రంగులు అమ్మీ అమ్మీ అతని జుట్టు నెరిసింది గాని, బేరంలో మోసపోయిన రోజు ఒక్కటి లేదు. కూతురి పెళ్లి తప్ప అంటాడు.

ఆ కూతురే చెప్పులేసుకుని వచ్చి నిలబడింది. “నాన్నా, ఆయన బొమ్మల ప్రదర్శనకి ఇవాళే ఆఖరు. సాయంత్రం మూసేస్తారు. ఒక్కసారి వచ్చి చూడు.”

“ఒక్కటైనా పోయిందా?”

“ఇంకా లేదు.”

“పోదు. పోయే సరుకు మొదటిరోజే పోతుంది. నిలవ సరుకును చూడ్డానికి నేనెందుకు, బూజు చాలదూ?”

అన్నాడే గాని బయల్దేరాడు. లాభం లేనిదే వ్యాపారి వరదన పోడంటారు. అతని లాభం అతనికుంది.

అల్లుడు ఒకప్పుడు పడవలకు రంగులేసి, వాటి పక్కల మీద పేర్లు రాసేవాడు. చేతినిండా పని, రోజూ కూలి. అలాంటివాడు కొన్నాళ్లుగా పొద్దున పడవలు, మధ్యాహ్నం బొమ్మలు అంటూ వచ్చి, ఇప్పుడు పడవలు కూడా మానేసి రోజంతా బొమ్మలే వేస్తానన్నాడు. కూటికి లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె! నెలల తరబడి గొడవపడ్డాక ముగ్గురూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ ప్రదర్శనలో చుట్టం కానివాళ్లు ఒక్క బొమ్మ కొన్నా అల్లుడి దారి అల్లుడిది. కొనకపోతే కుంచెలు అటకెక్కుతాయి, అల్లుడు రేపట్నుంచి కొట్లో కూర్చుంటాడు.

దారి పొడుగునా పక్కనే సముద్రం. షావుకారు తల వంచుకుని, ఇందాకటి బేరం నెమరేసుకుంటూ నడిచాడు.

ప్రదర్శన పాత ఐస్ ఫ్యాక్టరీ హాల్లో పెట్టారు. గోడలకు ఇంకా చెమ్మ వదల్లేదు. ఓ పదిమంది చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నారు. మూల బల్ల దగ్గర అల్లుడు లేచి నిలబడ్డాడు.

“రండి మామయ్యా.”

“వచ్చాన్లే అల్లుడుగారూ. కొట్టు తాళంచెవులు కూడా తెచ్చాను.”

అలలు, వలలు, మళ్లీ అలలు. షావుకారు పెదవి విరుస్తూ గోడ వెంట నడిచాడు. “కిటికీ తీస్తే ఊరికే కనబడే ఉప్పునీళ్లకు చట్రం కట్టి అమ్ముతావా?”

చివరి గోడ మీద అన్నిటికన్నా పెద్ద బొమ్మ. గట్టు మీద కూర్చున్న ఒక మనిషి వీపు. ఎదురుగా సముద్రం మీద పొద్దు కుంకుతోంది. ఆ మనిషి మాత్రం తల వంచి ఒళ్లోకి చూసుకుంటున్నాడు. మెడ వెనక నీలం మరక.

“మొహం గీయడం చేతకాక వీపు గీశావా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. షావుకారుకి ఊపొచ్చింది. నలుగురు చేరితే అతని నోటికి పదునెక్కువ.

“అంత సముద్రం ముందు పెట్టుకుని ఒళ్లో ఏం వెతుక్కుంటున్నాడయ్యా వీడు? ఆ భుజాలు చూడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. వీడు పక్కవాడికి తన నీడ కూడా అరువివ్వడు. ఇలాంటివాడి ఇంట్లో ఎలకలు కూడా పస్తుంటాయి.”

చుట్టూ జనం చేరారు. నవ్వులు పెరిగాయి.

“ఆ మరకేంటి? కుంచె జారిందా?”

“లేదు మామయ్యా. కావాలనే పెట్టాను.”

“మెడ తోముకోవడానికి బద్ధకించే మనిషిని తెచ్చి గోడకు తగిలించావన్నమాట. డబ్బిచ్చి మరీ వీణ్ణి ఇంటికి తీసుకెళ్లే వెర్రిబాగులవాళ్లెవరు?”

హాలంతా గొల్లుమంది. కూతురు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు తల దించుకున్నాడు. అతని భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడు కాబోలనుకుని షావుకారు కాస్త తగ్గాడు.

అతని వెనకే నిలబడి అంతా వింటున్న, ఊళ్లోని హోటల్ యజమానురాలు ముందుకొచ్చింది. “ఈ బొమ్మ నేను తీసుకుంటాను.”

“అమ్మా, నేను వ్యాపారస్తుణ్ణి. మీ మంచికే చెప్తున్నా, ఇది చెల్లని సరుకు.”

“ఇందాకటిదాకా నాకూ అనుమానంగానే ఉందండీ. మీరొచ్చి దాని ముందు నిలబడ్డాక తీరిపోయింది.”

వద్దన్నదే కావాలనే రకం కాబోలనుకున్నాడు షావుకారు. కానీ మాట మాటే. తాళంచెవులు జేబులో వేసుకున్నాడు.

“రేపట్నుంచి నీ ఇష్టం. రోజంతా వీపులే గీసుకో. లోకంలో గొర్రెలున్నంతకాలం నీకు కరువు లేదు.”

విసవిసా నడిచి గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి కూతురు ఆపింది. “ఒక్క క్షణం కదలకు నాన్నా.”

“మళ్లీ ఏంటే?”

ఎప్పట్లాగే ఆమె రుమాలుతో అతని మెడ వెనక నీలం మరక తుడిచింది.