గుడ్లకు తెలిసిన గొంతు

ఒక పెరడు ఉండేది. దానికీ లారీలు తిరిగే పెద్ద రోడ్డుకీ మధ్య ఎండు కంప తప్ప మరేం లేదు. ఆ పెరట్లో ఒక బొల్లిపెట్ట గుడ్లు పొదుగుతోంది.

పొదిగే పెట్టలు గుడ్లతో మెల్లగా మాట్లాడుతూ ఉంటాయి. లోపలి పిల్లలు ఆ గొంతు గుర్తుపెట్టుకుని, బయటికొచ్చాక దాని వెంటే నడుస్తాయి. బొల్లిపెట్ట కూడా మొదట్లో మాట్లాడేది. హారన్ల మోతలో తన మాట తనకే వినపడక, విసిగిపోయి మానేసింది.

"వినపడకపోయినా మాట్లాడుతూ ఉండమ్మా," అంది తొట్టి దగ్గరి ముసలి బాతు.

"ఈ రొదలో ఎందుకత్తా గొంతు నొప్పి? పిల్లలు బయటికి రానీ, తీరిగ్గా చెప్పుకుంటాను."

గుడ్లు చిట్లాయి. మర్నాడు పిల్లలు ఒళ్లారి గూట్లోంచి బయటికొచ్చాయి. బొల్లిపెట్ట ఆశగా పిలిచింది. పిల్లలు ఎవరో కొత్తవాళ్లు పిలిచినట్టు చూశాయి.

అంతలో రోడ్డు మీద హారన్ మోగింది. పుట్టకముందు నుంచీ వాటికి తెలిసిన గొంతు అదొక్కటే. ఒకదాన్నొకటి తోసుకుంటూ, సంతోషంగా కంప సందులోంచి అటే పరిగెత్తాయి. తల్లి అరుస్తూ వెంటపడింది. ఆ అరుపు హారన్‌లో కలిసిపోయింది.

సాయంత్రం బొల్లిపెట్ట ఒక్కతే తిరిగొచ్చింది. గూట్లో చిట్లని గుడ్డు ఒకటి మిగిలి ఉంది. దాని మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. లారీలు వస్తున్నా ఆపలేదు.

అది మురిగిపోయిన గుడ్డని బాతుకు తెలుసు. అయినా పక్కనే కూర్చుని వింది.