జత లేని నడక

బడి డాన్సు రోజున జంటలు నడిచే గ్రాండ్ మార్చ్‌లో జత లేకుండా నడిచిన అమ్మాయి జీవితాంతం ఒంటరిగానే మిగిలిపోతుందని ఆ ఊరివాళ్ల నమ్మకం. దానికి సాక్ష్యం కూడా ఉంది. ఆ సాక్ష్యం ఊరి గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలు ఇస్తూ ఉంటుంది. పేరు మిస్ ఆర్డిస్. అరవై దాటినా పెళ్లి కాలేదు.

"ఇంకో ఆర్డిస్ ఈ ఊరికి అక్కర్లేదు," అంది సైన్సు టీచర్ మిసెస్ నూట్సన్. "జత ఉంటే వేదిక ఎక్కు. లేకపోతే తెర వెనక పని చూసుకో."

బ్రిట్టా చేతిలో సగం కత్తిరించిన వెండికాగితపు నక్షత్రం ఉంది. పన్నెండో తరగతి వాళ్లకు పదకొండో తరగతి వాళ్లే ప్రోమ్, అంటే వీడ్కోలు డాన్సు, ఏర్పాటు చేయడం ఆ బడి ఆచారం. ఈ ఏటి ఏర్పాట్లన్నీ పదకొండు చదువుతున్న బ్రిట్టా చేతి మీదుగానే సాగుతున్నాయి. బడి జిమ్ పైకప్పు నిండా నక్షత్రాలు వేలాడాలన్నది ఆమె ఆలోచన. చలికాలమంతా కూర్చుని వాటిలో సగం తానే కత్తిరించింది. డాన్సు మొదలయ్యే ముందు ఆ నక్షత్రాల కింద, ఊరంతా చూస్తుండగా, పేర్లు చదివిన వరుసలో రెండు తరగతుల జంటలూ వేదిక దాటి నడుస్తాయి. తాను కట్టిన ఆ ఆకాశం కింద తనకే చోటు లేదని ఇప్పుడు తేలింది. ఆమెను ఎవరూ రమ్మని అడగలేదు. తానే ఇద్దరిని అడిగింది. ఇద్దరికీ అప్పటికే జతలు కుదిరిపోయాయి.

"ఫార్గోలో మా పిన్ని కొడుకున్నాడు, పిలిపించనా?" అంది పక్కనే జిగురు పూస్తున్న టెస్సా. "ఆరో తరగతి. సరిగ్గా నీ మోచేతి దాకా వస్తాడు. చెయ్యి ఆన్చుకోవడానికి వీలుగా ఉంటుంది."

నిచ్చెన పట్టుకుని నిలబడ్డ కోచ్ పకపకా నవ్వాడు. ఆయన మిసెస్ నూట్సన్ భర్త. ఫుట్‌బాల్ నేర్పడం మానేసి ఏళ్లు గడిచినా ఊళ్లో చిన్నా పెద్దా ఆయన్ను కోచ్ అనే పిలుస్తారు, భార్యతో సహా.

"నడవనివ్వరాదూ," అన్నాడాయన. "పిల్ల ఒక్కతే నడిస్తే ఏం మునిగిపోతుంది?"

"నువ్వు నిచ్చెన సంగతి చూడు, కోచ్."

బ్రిట్టా నక్షత్రం కింద పెట్టింది. "ఒక్కరికి అలా జరిగితే అది రుజువెలా అవుతుందండీ? సైన్సు క్లాసులో మీరే చెప్పారు కదా."

"క్లాసు వేరు, ప్రోమ్ వేరు. సోమవారం వరుస ఖాయం చేస్తాను. ఆలోగా ఎవరినైనా చూసుకో."

ఆ సాయంత్రమే బ్రిట్టా గ్రంథాలయానికి వెళ్లింది. వీధి అంచుల్లో మంచు ఇంకా నల్లబడి మిగిలి ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు అలమరల మధ్య తచ్చాడి, చివరికి మొహమాటం చంపుకుని మిస్ ఆర్డిస్‌ను నేరుగానే అడిగింది. ఒంటరిగా నడిచినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని.

మిస్ ఆర్డిస్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒంటరిగా నడిచానని ఎవరన్నారు? వెండెల్ అనే అబ్బాయి చెయ్యి పట్టుకుని నడిచాను. మా అమ్మ కుట్టిన నీలం గౌను వేసుకుని."

"మరి ఊరంతా అలా..."

"పెళ్లి కానిదాన్ని చూశారు, లెక్క వెనక్కి కట్టారు. నేను దిద్దలేదు. దిద్దితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది."

అయినా మిగతాది కూడా చెప్పింది. ఆ ఏడు జత లేకుండా నడిచింది మరో అమ్మాయి. ఆమె వేదిక దాటుతున్నంతసేపూ, అప్పటికే నడిచి వచ్చి వరుసలో నిలబడ్డ వెండెల్ ఆమెనే చూశాడు. పక్కనున్న ఆర్డిస్ చప్పట్లు కొట్టింది; అతను కొట్టడం మరిచిపోయాడు. మరుసటి ఏడు బీట్ దుంపల కోత ముగియగానే వాళ్లిద్దరికీ పెళ్లయింది.

"ఎవరండీ ఆ అమ్మాయి?"

మిస్ ఆర్డిస్ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది. "ఒంటరిగా నడవచ్చా లేదా అన్నది కదా నీకు కావాల్సింది. అది తేలిపోయింది."

సోమవారం జిమ్‌లో బ్రిట్టా విన్నది విన్నట్టు చెప్పింది. మిస్ ఆర్డిస్ జతతోనే నడిచిందని, జతగాడి పేరు వెండెల్ అని, ఒంటరిగా నడిచిన అమ్మాయికే పెళ్లయిందని.

మిసెస్ నూట్సన్ చేతిలో కత్తెర ఆగింది. నిచ్చెన దగ్గర ఆ రోజు కోచ్ లేడు.

"ఇంకేం చెప్పింది?"

"అంతేనండీ. ఆ అమ్మాయి ఎవరో చెప్పలేదు."

మిసెస్ నూట్సన్ చేతిలోని నక్షత్రాన్ని పూర్తిగా కత్తిరించింది. అంచులు సరిచూసి పక్కన పెట్టింది.

"నీ పేరు చివర్న చదువుతాను," అంది.

శనివారం సాయంత్రం జిమ్ కిక్కిరిసిపోయింది. కోచ్ ముందు వరుసలో కూర్చున్నాడు. జంటలన్నీ నడిచి, వేదికకు అటూ ఇటూ బారులు తీరాక మైకులో బ్రిట్టా పేరు వినిపించింది. దాని వెంట రెండో పేరు రాలేదు. బ్రిట్టా తల ఎత్తి, తన నక్షత్రాలను చూసుకుంటూ, తొందరపడకుండా నడిచింది. ఊరు చప్పట్లు కొట్టింది. టెస్సా అందరికంటే గట్టిగా కొట్టింది. టెస్సా పక్కనున్న కుర్రాడు కొట్టడం మరిచిపోయాడు.

అంతసేపూ మిసెస్ నూట్సన్ బ్రిట్టాను చూడలేదు. బారుల్లో ఉన్న కుర్రాళ్ల చూపులు ఎటు పోతున్నాయో చూసింది. ఆ తర్వాత మైకు కింద పెట్టి, వేదిక దిగి, ముందు వరుసలోకి వచ్చి భర్త భుజం మీద చెయ్యి వేసింది.

"వెండెల్, లే. ఇంటికి పోదాం."