ఇంకా కుదర్లేదండీ

మా ఆవిడ పోయిన నెల రోజులకు, ఆమెకు మిగిలిన రెండు క్లాసులు రద్దు చేయమనడానికి లైఫ్ కోచ్ దగ్గరకు వెళ్ళాను.

“మీ దగ్గర చేరాకే తనకి బద్ధకం పట్టుకుంది,” అన్నాను నవ్వబోతూ. “రోజూ టీ నాతోనే పెట్టించేది. తాగి, ‘ఇంకా కుదర్లేదండీ, రేపు మళ్ళీ పెట్టండి’ అనేది. చివరిదాకా కుదరనేలేదు. ఇప్పుడు పెట్టడమే మానేశాను.”

కోచ్ ఆమె హోంవర్క్ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

“మేడమ్ ఒక్క వారం కూడా ఎగ్గొట్టలేదు సార్.”

మొదటి పేజీలో తేదీ, తన జబ్బు సంగతి నాకు తెలియక ముందుది. కింద ఆమె రాత:

“లక్ష్యం: నేను లేకపోయినా మావారు తన పనులు చేసుకోవాలి.”

పేజీ తిప్పాను.

“టీ మొదటిరోజే కుదిరింది. బాగుందంటే మర్నాటి నుంచి నన్నే పెట్టమంటారు.”