మూడు ఆఫీసుల అమ్మాయి

"వచ్చే వారం నుంచి పెళ్లి చీరలండీ. బంజారా హిల్స్ షాపువాళ్లు ఏరికోరి మీ అమ్మాయినే అడిగారు" అన్నాడు కమలాకర్. జూబ్లీహిల్స్‌లోని ఆ మోడలింగ్ ఏజెన్సీకి అతను మేనేజరు.

శ్యామలాదేవి కుర్చీ అంచున కూర్చుంది.

"ఒప్పుకోకండి. నిహారికను పెళ్లికూతురిగా నేను చూడలేను. ఇక దాన్ని వదిలేయండి."

"సంబంధాలు తప్పిపోతాయనా? ఇంకా ఎక్కువొస్తాయండీ!" నవ్వాడతను. "అయినా నేనొక్కణ్ణే వదల్లేను. ఆర్డర్లు తేవడం వరకే నా పని. ఫొటోలు స్టూడియోవాళ్లవి, కంప్యూటర్ పని ఇంకో కంపెనీది. మూడేళ్ల అగ్రిమెంటు, ముగ్గురిదీ. వాళ్లు సరేనంటే నేనూ సరే."

ఆమె ఆటోలో ఫిల్మ్‌నగర్ స్టూడియోకి వెళ్లింది. గోడమీది టీవీలో ఆకుపచ్చ పట్టుచీరలో నిహారిక నవ్వుతోంది. శ్యామలాదేవి అటు వీపు పెట్టి కూర్చుంది.

"గిట్ల నడిమిట్ల బంద్ చేస్తే ఎట్ల మేడం?" అన్నాడు స్టూడియో నడిపే నర్సింహ. "నిన్న ఒక్కదినమే ఇరవై రెండు చీరలు చేసింది మీ బిడ్డ. కాళ్లు నొస్తున్నయ్ అనది, చాయ్ గూడ అడగది. కడమ మోడళ్లను చూడుండ్రి, జర ఏసీ ఆగితే ఏడుస్తరు!"

"దానికి ఇక చాలు బాబూ."

"నాకేం లేదు మేడం. కంప్యూటర్ కంపెనీల స్ఫూర్తి మేడం ఉంటది. ఆమె కాయితం ఇస్తే గిప్పుడే సంతకం పెడ్త."

ఆ కంపెనీ గుట్ట మీద, రెండు వీధుల అవతల. నడిచే వెళ్లింది. దారిలో బస్టాపు మీది ప్రకటనలో కూడా నిహారికే, చేతిలో నగల పెట్టెతో. శ్యామలాదేవి తల దించుకుని అడుగులు చూసుకుంటూ దాటింది.

స్ఫూర్తి మంచినీళ్లిచ్చి, అగ్రిమెంటు తెరిచి మొత్తం చదివింది.

"రద్దు చేసుకోవచ్చు ఆంటీ. కష్టమేం కాదు."

శ్యామలాదేవి సంచిలోంచి పెన్ను తీసింది.

"నిహారిక ఒక్కసారి వచ్చి, కెమెరా ముందు తన పేరు చెప్పి సంతకం పెడితే చాలు. ఇంకెవరు అడిగినా, అమ్మ అడిగినా సరే, మేం ఆపకూడదు. తన మంచికోసం పెట్టిన రూలే అది."

"అది రాలేదమ్మా."

"ఊళ్లో లేదా? పోనీ వీడియో కాల్‌లో చెప్పమనండి, ఒప్పుకుంటాం. మీ ఇద్దరికీ మాటల్లేవా ఏంటి? నంబరివ్వండి, నేను మాట్లాడతాను." స్ఫూర్తి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

ఉదయం నుంచి ఏ ఆఫీసులోనూ నోరు దాటని మాటను శ్యామలాదేవి అప్పుడు పైకి అంది: "మా అమ్మాయి చనిపోయి రెండు నెలలైందమ్మా, చేరిన రోజున మీరు కంప్యూటర్లోకి ఎక్కించుకున్న దాని బొమ్మే ఇంకా మీ ముగ్గురి కోసం చీరలు మారుస్తోంది."