చెరలో ఉన్న విలియం

“విలియం విడుదలయ్యాడా బాబూ?” గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగింది జయశ్రీ ఆంటీ.

ఎబెన్ తెల్లబోయాడు. “ఏ విలియం ఆంటీ?”

“జైల్లో ఉన్న నీ ఫ్రెండేనయ్యా! వారం నుంచీ చర్చంతా ప్రేయర్ చేస్తున్నాం. మీ అమ్మ ప్రేమలీలే చెప్పింది. దయానందం అంకులైతే ఉపవాసమే ఉన్నారు.”

అయిపోయింది, పరువు గంగలో కలిసింది! విలియం బ్రాక్లీ వాడి ఫ్రెండూ కాదు, పాడూ కాదు. హిస్టరీ అసైన్‌మెంటు. నాలుగొందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు జమీందారు బిడ్డ. చదువుకునే వయసులోనే తండ్రి పలుకుబడితో పార్లమెంటుకెళ్ళి, రాజుకే ఎదురు మాట్లాడి జైలుపాలయ్యాడు.

రేపే యూనివర్సిటీలో అతని గురించి క్లాసు ముందు మాట్లాడాలి. పదిమందిలో నోరు తెరవాలంటే ఎబెన్‌కి చచ్చేంత భయం. ఆ భయంతోనే అన్నీ ఆన్‌లైన్ క్లాసులేనని ఇంట్లో చెప్పి, నెల నుంచీ తిండికి తప్ప గది దాటడం లేదు పాపం. రేపూ ఎగ్గొడితే సబ్జెక్టు పోయినట్టే.

ఈ వారం తెలుగువాళ్ళ ప్రార్థన కూటం కానింగ్ వేల్ పేటలోని వీళ్ళింట్లోనే. చూస్తుండగానే హాలు నిండింది. దయానందం అంకుల్ కళ్ళు మూసుకున్నారు. “ప్రభువా, చెరలో ఉన్న మా బిడ్డ విలియమును...”

“ఆగండి అంకుల్!” ఎబెన్ లేచాడు. కడుపు మాడ్చుకున్న పెద్దాయన్ని మోసం చేయడం వాడివల్ల కాలేదు. “విలియం చనిపోయాడు. నాలుగొందల ఏళ్ళైంది.”

అందరికంటే ముందు జయశ్రీ ఆంటీయే తేరుకుంది. “అయ్యో, ఎలా పోయాడు బాబూ?”

చెప్పక తప్పలేదు. మొదట్లో తడబడ్డాడు.

“వాళ్ళ నాన్న విడిపించలేదా?” అంకుల్ అడిగారు.

“సారీ చెప్తే విడిపిస్తానన్నాడు అంకుల్. విలియం చెప్పనన్నాడు.”

మాట మీద మాట వచ్చింది. పొలాలు, పార్లమెంటు, చలికి గడ్డకట్టే జైలు గది, అన్నీ చెప్పాడు. చివరికి ఆంటీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అందరూ వెళ్ళాక వంటింట్లో అమ్మ మీద పడ్డాడు. “ఏంటమ్మా ఇది? అన్నం తింటూ రోజూ చెప్తూనే ఉన్నాగా, విలియం ఎప్పటివాడో! పోయినవాడికి ప్రేయరేంటి?”

ప్రేమలీల టీ కప్పులు కడగడం ఆపలేదు.

“తెలుసురా. గదిలో తలుపేసుకుని కూర్చున్న నా కొడుకు పేరు నలుగురిలో చెప్పలేక, ఆ విలియం పేరు చెప్పాను.”