పెళ్లైనవాళ్లకే

గర్భం రాకుండా వెంటనే వేసుకునే మాత్ర అడిగి, మందుల షాపు ముందు మంజులత కుదురుగా నిలబడలేకపోయింది. మెడలో వేలాడే కంపెనీ ట్యాగును వేళ్లకు చుట్టుకుంటోంది.

"డాక్టరు చీటీ అక్కర్లేదని సర్కారే చెప్పింది కదన్నా."

"చెప్తుందమ్మా, మీ హైటెక్ సిటీ పిల్లల కోసం. నా షాపులో మాత్రం పెళ్లైనవాళ్లకే."

కాసేపటికి పట్టుచీరలో రజిత వచ్చి అదే మాత్ర అడిగింది. షాపాయన ఆమె మెడలో పసుపుతాడు చూశాడు, మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

కృష్ణానగర్ సందు మలుపులో ఎదురుచూస్తున్న మంజులతకు రజిత ఆ మాత్ర అందించి, పసుపుతాడు తీసేసింది.

"జల్ది మింగు. షాట్‌కు పిలుస్తుండ్రు. గీ తాళి కాస్ట్యూమాయనకు ఇయ్యాలె. నాకైతే ఇంకా పెళ్లే కాలే."

మంజులత నీళ్ల సీసా మూత తిప్పింది.

"నా తాళి రూముల మేకుకు ఏలాడుతున్నది. సాఫ్ట్‌వేర్ పిల్ల వేషమని పొద్దుగాల మా ఆయనే తీపిచ్చిండు."